జవాబు కోసం ఆగే తాతయ్య

మా పక్కింటి వైర్‌లెస్ తాతయ్య పోయారు. "పొద్దున్న కుర్చీలో కూర్చున్నారు, అలాగే పోయేరమ్మా," అని మావయ్య ఫోన్‌లో చెప్పేసరికి నేను ఇంకో దీవిలో, హట్‌బే ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. సముద్రం బాగోక ఆ రోజు షిప్ కదల్లేదు. నేను పోర్ట్ బ్లేయర్ చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఆయన మాకు చుట్టం కాదు. భీమిలి వైపు నుంచి చిన్న వయసులో దీవులకొచ్చి, హార్బర్ దగ్గర వైర్‌లెస్ గదిలో పని చేశారు. ఓడలతోను, దూరపు దీవుల్లోని స్టేషన్లతోను మాట్లాడడం ఆయన ఉద్యోగం. అందుకే మా పేట డిగ్నాబాద్‌లో అందరికీ వైర్‌లెస్ తాతయ్య. భార్య పోయాక రెండు గదులూ వరండా ఉన్న ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఏ మాట చెప్పినా, చెప్పాక తల ఎడమ వైపుకి వంచి కాసేపు ఆగేవారు. ఆ చెవికి ఇంకా ఏదో తగిలించి ఉందేమో అన్నట్టు ఉండేది.

మా అమ్మానాన్నలకు హట్‌బే జెట్టీ దగ్గర కిరాణా కొట్టు ఉండేది. సునామీ వచ్చినప్పుడు నేను స్కూలు సెలవులకి పోర్ట్ బ్లేయర్‌లో మావయ్య ఇంట్లో ఉన్నాను. ఆ తరవాత అక్కడే ఉండిపోయాను. ఆ ఇంట్లో నన్నెవరూ తక్కువ చూడలేదు. నాకే మాట తగ్గిపోయింది. అడిగితే తల ఊపేదాన్ని.

ఆంధ్రలో ఇంటర్ అనే చదువును మా దగ్గర ప్లస్ టూ అంటారు. అందులో ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఒకటి ఉంది. కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. క్లాసులో మేడమ్ లేపి అడిగినప్పుడల్లా నేను బల్ల పట్టుకుని నిలబడి, అలాగే కూర్చునేదాన్ని. అందులో మార్కులు రాకపోతే నర్సింగ్ సీటు రాదు. సీటు రాకపోతే జంగ్లీఘాట్‌లో మావయ్య కొట్లో కూర్చోవడమే. "మొదటి ప్రశ్న ఎప్పుడూ మీ ఇంటి గురించే ఉంటుంది, చాలా ఈజీ," అని మేడమ్ అందరికీ ధైర్యం చెప్పింది. నా భయం ఆ ప్రశ్నే.

ఒక సాయంత్రం మావయ్య నన్ను తాతయ్య వరండాలోకి తీసుకెళ్ళాడు.

"దీనికి ఇంగ్లీషు రాకపోవడం కాదు బాబూ. నోరే లేవదు. ఏటి చెయ్యాలో తెలవడం లేదు."

తాతయ్య నా వైపు చూడలేదు. లేచి, నాకో స్టూలు వేసి, తన పేము కుర్చీని గోడ వైపు తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"వైర్‌లెస్‌లో మొహం ఎక్కడుంటాది? నువ్వూ నన్ను చూడక్కర్లేదు. నేనేటి అడిగేనో ముందు అదే తిరిగి చెప్పు. బస్, అంతే. జవాబు తరవాత."

మొదటి వారమంతా ఆయన అడిగిన ప్రశ్ననే ఇంగ్లీషులో తిరిగి చెప్పాను. జవాబు చెప్పమని తొందర పెట్టలేదు. "విన్నది సరిగ్గా విన్నావని అవతలోడికి తెలియాల పాపా. అప్పుడు నీకూ కాస్త టైము దొరుకుద్ది," అనేవారు. పెరట్లో బట్టలు ఆరేస్తూ మా అత్త వినేది.

"ఏం బాబూ, దానికి ఇంగ్లీషు నేర్పుతున్నారా, ఓడ నడపడం నేర్పుతున్నారా?"

"ఓడైతే ఈపాటికి నేర్చేసుండును. మీ ఇంటి పిల్ల కదా, కొంచెం లేటు."

"అరే వా! మాట అనిపించుకోడానికి నేనే దొరికేనా!"

గోడకి ఎదురుగా ఉన్న ఆ వీపుతో మాట్లాడడం నాకు సులువైంది. చదువు, వంట, షాదీపూర్‌లో ఉన్న స్నేహితురాలు, అన్నిటి గురించీ చెప్పగలిగాను. ఇంటి గురించి అడిగితే మాత్రం ప్రశ్న తిరిగి చెప్పి ఆగిపోయేదాన్ని. ఆయన తల ఎడమకి వంచి ఎదురుచూసేవారు. వీధిలో ఆటోలు పోయేవి. చాలాసేపయ్యాక, "ఠీక్ హై, రేపు చూద్దాం," అనేవారు.

ఒకరోజు నేనే తెలుగులో అడిగాను.

"తాతయ్యా, ఆ రోజు మీరు డ్యూటీలో ఉన్నారా?"

ఆయన గోడ వైపే చూస్తూ చెప్పారు.

"ఉన్నాను. హట్‌బేని పిలిచేను. ఆగేను. మళ్ళీ పిలిచేను. పక్కనోడు, ఇంకేటి పిలుస్తావు భయ్యా, అంతా పోయిందని పైవోళ్ళకి చెప్పెయ్ అన్నాడు. పోయిందని నాకేటి తెలుసు? నాకు తెలిసింది జవాబు రాలేదనే. అదే చెప్పేను. తెలిసినంతే చెప్పాల పాపా. ఎక్కువ చెప్పకూడదు, తక్కువా చెప్పకూడదు."

ఆ రోజు ఇంక ప్రశ్నలు అడగలేదు. టీ పెట్టి ఇచ్చారు.

పరీక్షకు బయటి స్కూలు నుంచి ఒక సార్ వచ్చారు. నాతో పాటు ఇంకో ఇద్దరమ్మాయిల్ని బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆయన మొహం చూడకుండా బల్ల మీది పెన్ను మూత చూస్తూ కూర్చున్నాను. "టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ," అన్నారు. అలవాటు కొద్దీ నేను గట్టిగా, "యూ ఆస్క్డ్ మీ అబౌట్ మై ఫ్యామిలీ," అన్నాను. పక్క అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"అడిగింది నేనే కదా. నాకే అప్పచెబుతావేం? జవాబు చెప్పు," అన్నారు సార్ హిందీలో.

నాకు ఆ కాస్త టైము చాలింది. మావయ్య, అత్త, వాళ్ళ పిల్లలు, ఇల్లు, వరసగా ఇంగ్లీషులో చెప్పాను. చివర, మా అమ్మానాన్నా హట్‌బేలో ఉండేవారు, సునామీ తరవాత వాళ్ళ దగ్గర్నుంచి జవాబు రాలేదు అని చెప్పి ఆగాను. గదిలో ఎవరూ నవ్వలేదు. సార్ మార్కుల కాగితం మీద రాసుకుని, "థాంక్యూ బేటీ," అన్నారు.

ఇంటికొచ్చాక తాతయ్య మార్కుల సంగతి అడగలేదు.

"అవతలోళ్ళకి వినబడ్డావా?"

"వినబడ్డాను తాతయ్యా."

ఆయన కుర్చీని గోడ వైపు నుంచి వీధి వైపుకి తిప్పుకున్నారు. పాఠాలు అక్కడితో అయిపోయాయి.

సీటు వచ్చింది. నర్సునయ్యాక హట్‌బేలో పోస్టింగ్ వేస్తే, "వద్దని రాసెయ్, మార్పించుకుందాం," అన్నాడు మావయ్య. నేను వెళ్ళాను. ప్రతి ఆదివారం సాయంత్రం తాతయ్య ఫోన్ చేసేవారు. మా దీవుల ఫోన్లలో అప్పట్లో మాట ఆలస్యంగా చేరేది. రెండు వైపులా ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, విసుక్కునేవారు జనం. మా ఇద్దరికీ ఆ బాధ లేదు, చెప్పి ఆగడం మాకు అలవాటే.

"పోర్ట్ బ్లేయర్. హట్‌బే, వినపడుతోందా?"

"పోర్ట్ బ్లేయర్, వినపడుతోంది. హట్‌బే మాట్లాడుతోంది."

హట్‌బే జవాబు విన్నాక మాత్రం ఆయన ఆలస్యం చేసేవారు. ఫోన్ ఆలస్యం కంటే అది ఎక్కువ. ఆ తరవాతే భోజనం చేశావా, వానలు పడుతున్నాయా అని అడిగేవారు. ఎన్నేళ్ళయినా ఆ ఆగడం తగ్గలేదు. ఎందుకని నేను అడగలేదు.

మొన్న వెళ్ళినప్పుడు ఆయన కూతురు అత్తవారింటి నుంచి వచ్చి గదులు సర్దుతోంది. వరండాలో కుర్చీ అలాగే ఉంది. తల వంచి వంచి ఆనించిన చోట, ఎడమ వైపు పేము నల్లబడి నున్నగా అయింది. నేను ఎప్పటిలాగే వెనక స్టూలు మీద కూర్చున్నాను. హట్‌బేలో వానలు తగ్గాయని, షిప్ ఆలస్యమైందని, అందుకే రాలేకపోయానని చెప్పాను.

చెప్పి, ఆగాను. జంగ్లీఘాట్ రేవు వైపు చేపల పడవ ఇంజను ఒకటి మొదలై, దూరంగా వెళ్ళిపోయింది. అది వినపడనంత దూరం పోయాక కూడా ఇంకాసేపు కూర్చున్నాను.