బంతుల సంచి

కాలేజీలో అందరూ ఆ పిల్లను మైకు అనే పిలిచేవాళ్ళు. ఇంట్లో పెట్టిన పేరొకటి ఉండేది గానీ, అది హాజరు పట్టీ దాటి బయటికొచ్చిన పాపాన పోలేదు. మనిషి జానెడు, గొంతు బారెడు. ఆ గొంతు ఊరికే రాలేదు లెండి. వాళ్ళమ్మ ఇరవై రెండేళ్ళు మరమగ్గాల షెడ్డులో పనిచేసి, ఆ మోతకు చెవులు పోగొట్టుకుంది. ఆ ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా అరవాలి, మంచిమాట చెప్పాలన్నా అరవాలి.

మహిళల ఫుట్‌బాల్ జట్టు ఎంపికకు వచ్చిన రోజున కోచ్ మేడమ్ ఆమెను ఎగాదిగా చూసి, "గోల్‌కీపర్‌గానా? పైకడ్డీ అందాలంటే నిచ్చెన తెచ్చుకోవాలమ్మా" అని నవ్వింది. మైకు ముఖం మాడ్చుకుని పక్కన కూర్చుంది. కాసేపటికి మైదానం అవతలి కొసన ఎవరో బంతితో పోతుంటే, ఉండబట్టలేక, "వెనకాల మనిషి ఉంది, చూసుకో!" అని అరిచింది. మైదానంలో ఉన్న ఇరవై మందీ ఆగి వెనక్కి చూసుకున్నారు. ఆ సాయంత్రమే మేడమ్ గ్లౌజులు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది.

ఎత్తు లేని లోటును అరుపుతో పూడ్చుకునే పద్ధతి ఒకటి ఆ జట్టులో ముందునుంచే ఉండేది. గాల్లో బంతి వస్తే, అందుకోగలననుకున్న వాళ్ళు "నాది!" అని పిలవాలి. పిలిచిన వాళ్ళదే బంతి. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. పిలుపు విని కూడా అడ్డం వచ్చిన వాళ్ళకు శిక్ష, సీజన్ అయిపోయేదాకా బంతుల సంచి మొయ్యడం. సంచి అంటే చేతిసంచి కాదు. పదకొండు బంతులు, గాలి పంపు, పక్క జేబులో కట్టుగుడ్డలు, మందు సీసాలు. భుజాన వేసుకుంటే నడుము వంగిపోయేది.

మైకు ముందు నిలబడే డిఫెన్స్ ఆటగత్తెను జట్టంతా అక్క అనేవాళ్ళు. చివరి సంవత్సరం, పొడగరి, మాట తక్కువ. మైకు పిలిస్తే ఆమె తల తిప్పి కూడా చూసేది కాదు, అలాగే వంగి తప్పుకునేది. ఆమె వీపు మీదుగా మైకు ఎగిరి బంతి అందుకునేది. మొదటి మూడు మ్యాచ్‌లలో ఇద్దరూ కలిసి ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. మైకు వాగుతుండేది, అక్క కిటికీలోంచి చూస్తూ ఊఁ కొడుతుండేది.

కాలేజీల లీగ్‌లో మొత్తం పది జట్లు, జట్టుకు తొమ్మిది మ్యాచ్‌లు, వారం విడిచి వారం. చివరి రెండు స్థానాల్లో మిగిలితే కింది శ్రేణికి పడిపోతారు. అలా పడితే బస్సూ ఇవ్వం, మైదానమూ ఇవ్వం అని ప్రిన్సిపల్ సీజన్ మొదట్లోనే తేల్చి చెప్పేశారు. మూడు మ్యాచ్‌లు గెలిచాక ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

నాలుగో మ్యాచ్ మధ్యాహ్నం జరిగింది. ఎండ సరిగ్గా మైకు కళ్ళలోకి కొడుతోంది. ఆట ముగిసే ముందు ఒక బంతి ఎత్తుగా లేచి సూర్యుడిలో మాయమైంది. అందుతుందా, అందదా? ఆ ఒక్క క్షణం మైకుకు ఎటూ తేలలేదు. తేలేసరికి కాళ్ళు పరుగెత్తేశాయి గానీ నోరు పెగల్లేదు. పిలుపు లేదు కాబట్టి అక్క తన బంతే అనుకుని ఎగిరింది. మైకు మోచెయ్యి వెళ్ళి ఆమె ముఖానికి తగిలింది. ఇద్దరూ కుప్పకూలారు, బంతి తాపీగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది.

అక్క కనుబొమ్మ చీలి రక్తం ధారగా కారుతోంది. భుజం కీలు తప్పింది. మేడమ్ పరుగున వచ్చి, అక్క తల ఒళ్ళో పెట్టుకుని, మైకు వైపు తిరిగి అడిగింది.

"పిలిచావా?"

మైకు తల ఊపింది. అంతే. నోటితో అబద్ధం కూడా ఆడలేదు, తల ఊపిందంతే. కానీ ఊపిన తలను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ తర్వాత పది వారాలు ఆమెకు తెలిసొచ్చింది.

"నాకు వినపడలేదు మేడమ్" అంది అక్క, రక్తం తుడుచుకుంటూ.

"ఇంత గొంతు వినపడలేదా?"

అక్క కాసేపు ఆలోచించింది. "పిలిచే ఉంటుంది మేడమ్. నేనే వినలేదేమో."

ఇంత అన్యాయం జరుగుతుంటే భూమి బద్దలవ్వాలి కదా? అవ్వలేదు. రెఫరీ ఈల వేశాడు, ఆట మొదలైంది, వాళ్ళు ఓడిపోయారు.

అక్క మూడు మ్యాచ్‌లు ఆడలేదు. కుట్ల మీద పట్టీ, చేతికి కట్టు. కానీ నియమం నియమమే అంటూ, బాగున్న భుజం మీద బంతుల సంచి వేసుకుని ప్రతి మ్యాచ్‌కూ వచ్చింది. "పోనీ వదిలేయవే, దెబ్బ తగిలినదానివి" అని మేడమ్ అన్నా వినలేదు. ఆమె ఒక పక్కకు ఒరిగిపోయి బస్సు మెట్లెక్కుతుంటే మైకు చూపు తిప్పుకునేది. "నేను తెస్తాలే అక్కా" అని ఒకసారి సంచి పట్టుకోబోయింది.

"వద్దులే. తప్పు నాది" అంది అక్క.

ఆ మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మైకు గొంతు పిలుస్తోంది గానీ, ఆ పిలుపులో జీవం లేదు. ఎనిమిదో మ్యాచ్‌కు అక్క తిరిగొచ్చింది. అప్పుడు ఇంకో వింత మొదలైంది. మైకు "నాది!" అని పిలిచిన ప్రతిసారీ అక్క వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ రెప్పపాటు ఆలస్యంలో రెండు గోల్స్ పడ్డాయి, ఆ మ్యాచూ పోయింది.

మేడమ్ ఒంటికాలి మీద లేచింది. "ఏంటే ఆ చూపులు?"

"ఏమో మేడమ్. చెవుల మీద నమ్మకం పోయింది. చూసుకుంటే గానీ ధైర్యం రావట్లేదు."

"అయితే రేపే వెళ్ళి చెవులు చూపించుకో."

మైకు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు అలాగే కూర్చుండిపోయింది. చెప్పేస్తే పోయేదే. కానీ చెబితే గ్లౌజులు పోతాయి, జట్టులో ముఖం ఎత్తుకోలేదు, అక్క ఇక జన్మలో మాట్లాడదు. చెప్పకపోతే అక్క చెవుల డాక్టరు దగ్గర కూర్చుంటుంది. మింగలేదు, కక్కలేదు.

"అమ్మా, నీకు వినపడదని నీకు మొదట ఎలా తెలిసింది?" అని అరిచి అడిగింది.

అమ్మ నవ్వింది. "మా మేస్త్రీ ఒకరోజు మగ్గం ఆపమని చెప్పాడంట. నేను ఆపలేదని అందరి ముందూ తిట్టాడు. నాకు వినపడలేదు. నిజంగా చెప్పాడో, తన తప్పు నామీదకు నెట్టాడో, ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజు నుంచి మాత్రం నామీద నాకే నమ్మకం పోయింది. ఎవరేమన్నా ఊఁ అని తల ఊపడం మొదలెట్టా." అని, కూతురి కంచం వైపు చూసి, "తినవే, చల్లారిపోతోంది" అంది.

మైకు తినలేదు. ఆ మేస్త్రీ ఎవడో ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ రాత్రి వాడి మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

వారం తర్వాత ప్రాక్టీసులో ధైర్యం చేసి, "చెవుల రిపోర్టు వచ్చిందా అక్కా?" అని అడిగింది. అక్క ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "చూద్దాంలే" అని బంతులు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది.

చివరి మ్యాచ్. సమానంగా ముగిస్తే చాలు, గండం గట్టెక్కినట్టే. ఓడితే జట్టే ఉండదు. మొదటి సగంలో మైకు మూడుసార్లు పిలిచింది, అక్క మూడుసార్లూ తిరిగి చూసింది. మూడోసారి ఆ సందులోంచి ఎదుటి జట్టు పిల్ల దూరిపోయి తలతో గోల్ కొట్టింది.

విరామంలో అందరూ బట్టలు మార్చుకునే గదిలోకి చేరారు. ఇరుకు గది, రెండు బల్లలు, ఒక మూల కుళాయి కారుతోంది. మేడమ్ తలుపు వేసిందో లేదో విరుచుకుపడింది.

"మళ్ళీ వెనక్కి చూశావు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పొరపాటైంది మేడమ్" అంది అక్క.

"పిలవలేదు."

ఎవరన్నారో మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొంతు అంత చిన్నగా రావడం వాళ్ళెప్పుడూ వినలేదు మరి.

"ఏంటే?" అంది మేడమ్.

"నేను పిలవలేదు మేడమ్. నాలుగో మ్యాచ్‌లో. పిలిచానని తల ఊపాను. అక్క చెవులకేం కాలేదు. తప్పంతా నాది." మైకు ఏడవకూడదనుకుంది గానీ ఏడుపు ఆగలేదు.

జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లను రైలు అంటారు. ఆ రైలు కూడా నోట్లో నీళ్ళు మింగడం మర్చిపోయి అలాగే నిలబడింది. మేడమ్ ముఖం జేవురించింది.

"గ్లౌజులు తియ్."

మైకు తీసి బల్ల మీద పెట్టింది. రెండో గోల్‌కీపర్, ఆ మధ్యే చేరిన మొదటి సంవత్సరం పిల్ల, బిక్కచచ్చిపోయి వాటి వైపు చూసింది. ఈ సీజన్లో ఆమె గ్లౌజులు ఉతికి ఆరేసిందే గానీ తొడుక్కున్నది లేదు.

అక్క వంగి బూటు తాడు కట్టుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఉండనివ్వండి మేడమ్" అంది.

"నీకు నమ్మకముందా దానిమీద?"

"ఇంకా నలభై ఐదు నిమిషాలున్నాయి మేడమ్. వెళ్దాం పదండి."

అవునని అనలేదు, కాదని అనలేదు. మైకు గ్లౌజులు తొడుక్కుంది. పట్టీ పళ్ళతో లాగి బిగించుకుంది.

రెండో సగంలో అక్క ఆమె వైపు ఒక్కసారీ చూడలేదు, ఒక్క మాటా అనలేదు. రైలు ఎలాగో దూసుకెళ్ళి ఒక గోల్ కొట్టింది. ఒకటి ఒకటి. ఇక అక్కడి నుంచి ఎదుటి జట్టు ఊపిరి తీసుకోనివ్వలేదు. బంతులన్నీ నేల మీదుగా వస్తున్నాయి, కాళ్ళకు అడ్డం పడి ఆపుతున్నారు. గాల్లో బంతి మాత్రం ఒక్కటీ రాలేదు. అది రాకూడదని మైకు మనసులో మొక్కుకుంటూనే ఉంది.

ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టుకు కార్నర్ వచ్చింది, మైదానం మూల నుంచి తన్నే బంతి.

బంతి లేచింది. గోల్ ముందు తొమ్మిది మంది తోసుకుంటున్నారు. సరిగ్గా ఇద్దరి మధ్యకు దిగుతోంది, అక్కకు అందేంత దగ్గరగా, మైకుకు అందీ అందనంత దూరంగా. అక్క తప్పుకుంటేనే దారి. ఆమె తిరిగి చూస్తే అయిపోయినట్టే.

"నాది!"

అలా అరిచానని మైకుకే తర్వాత తెలిసింది. బస్సు డ్రైవరు గేటు బయట ఉలిక్కిపడ్డాడని చెప్పుకుంటారు. అక్క తల తిప్పలేదు. ఉన్నపళంగా నడుము వంచి తప్పుకుంది. మైకు ఆమె వీపు మీదుగా ఎగిరి, బంతిని రెండు చేతులా పట్టుకుని, పొట్టకు హత్తుకుని నేలమీద పడింది. పైన ఎవరెవరో పడ్డారు. ఈల మోగేదాకా ఆ బంతి వదల్లేదు, మోగాక కూడా వదల్లేదు.

అందరూ గంతులేస్తుంటే మైకు లేచి, మట్టి దులుపుకుని, తిన్నగా బంతుల సంచి దగ్గరకు నడిచింది. అక్క అప్పటికే అక్కడుంది. సంచి పక్క జేబులోంచి, మందు సీసాల వెనక నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. చెవుల ఆసుపత్రిది. రెండు చెవులూ బాగున్నాయని రాసుంది. తేదీ చూస్తే ఎనిమిది రోజుల కిందటిది.

మైకు ఆ తేదీ మళ్ళీ చదివింది. "అంటే నీకు ముందే..."

"ఊఁ."

"మరి ఇవాళ మొదటి సగంలో ఎందుకు తిరిగి చూశావు అక్కా?"

"చెవులు బాగున్నాయని తెలిశాక, ఇంక అనుమానం ఎవరిమీద ఉంటుంది?"

మైకు కాగితం మడిచి తిరిగిచ్చింది. "అప్పుడే నన్ను అడిగి కడిగెయ్యాల్సింది" అంది.

"నువ్వే చెబుతావేమోనని చూశా."

"చెప్పకపోయుంటే?"

"ఇందాక కూడా తిరిగి చూసేదాన్ని" అంది అక్క. సంచి ఎత్తి మైకు భుజానికి తగిలించి, పట్టీ సరిచేసింది. పదకొండు బంతుల బరువుకు ఆ జానెడు మనిషి ఒక పక్కకు ఒరిగిపోయింది. అక్క వెనక్కి తిరిగి చూడకుండా బస్సు వైపు నడిచింది.