స్టీరింగ్ ముట్టుకోని ఏడాదిలో లిస్బన్

ఈ మధ్య మా చర్చిలో ఒక కొత్త జంట లిస్బన్‌కి టికెట్లు కొనుక్కుని, "ఆంటీ, మీరు ఎప్పుడో ఒక్కరే వెళ్లొచ్చారట కదా, ఏం చూడాలో చెప్పండి" అని అడిగారు. ఏం చూడాలో చెప్పడానికి బోలెడు పుస్తకాలున్నాయి. నేను వెళ్లింది ఎనభైల మొదట్లో. అప్పటి ధరలు ఇప్పుడు చెబితే నవ్వుతారు. అయినా ఆ ఊళ్లో ట్రాములు ఇంకా అవే వీధుల్లో తిరుగుతున్నాయట, ఆ కొండదారుల మెట్లూ అలాగే ఉన్నాయట. ఎందుకు వెళ్లానో చెప్పకుండా ఏం చూశానో చెబితే సగమే చెప్పినట్టవుతుంది కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను.

అప్పటికి మేం అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కుని కొన్నేళ్లయింది. మావారు ప్రభాకర్ ఇంజనీరు. నేను న్యూవార్క్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. ఒక జనవరి పొద్దున్న రూట్ వన్ హైవే మీద మంచుకి నా కారు జారి, గిర్రున తిరిగి, పక్కనున్న రెయిలింగుకి గుద్దుకుంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఎండలొచ్చేసరికి అది అతుక్కుంది గానీ, స్టీరింగ్ ముందు కూర్చుంటే చేతులు చల్లబడిపోయేవి. పక్క సీట్లో కూర్చున్నా అంతే. ముందు కారు ఎర్రలైటు వెలిగితే చాలు, నా కుడికాలు దానంతట అదే, అక్కడ లేని బ్రేకుని తొక్కేది.

మా ఊళ్లో కారు నడపకపోతే పాల డబ్బా కూడా తెచ్చుకోలేం. పొద్దున్న ప్రభాకర్ నన్ను మెట్రోపార్క్ స్టేషన్‌లో దింపి, మళ్లీ వెనక్కి తిరిగి తన ఆఫీస్‌కి పోయేవారు. బియ్యం, పప్పులకి మా చర్చిలో సుగుణక్క తీసుకెళ్లేది. ఎవరూ విసుక్కోలేదు. కానీ డాక్టరు దగ్గరికి పోవాలన్నా, దారం రీలు కొనాలన్నా ముందు ఒకరిని అడగాలి. అడిగే ముందు మాటలు కూడబలుక్కోవడం అలవాటైపోయింది.

మా ల్యాబులో ఇరేన్ అని నా పక్క బల్లమీద పనిచేసే అమ్మాయి ఉండేది. వాళ్లది పోర్చుగల్. న్యూవార్క్‌లో వాళ్లవాళ్ల పేటే ఒకటుంది. ఒకరోజు లంచ్ దగ్గర తను అంది: "మా మేనత్త లిస్బన్‌లో గది అద్దెకిస్తుంది. ఇక్కడ బట్టలు కుట్టి, దాచుకున్న డబ్బుతో తిరిగెళ్లిపోయింది. కాస్త ఇంగ్లీషొచ్చు. అక్కడ కారుతో పనేలేదు, గుమ్మం దాటితే ట్రామే. ఒక వారం ఉండి రా."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంట్లో చెబితే ప్రభాకర్, "ఒక్కదానివే ఎందుకు? డిసెంబర్ దాకా ఆగు, లీవ్ అప్లై చేస్తాను, ఇద్దరం వెళ్దాం" అన్నారు.

"ఇద్దరం వెళ్తే అక్కడ కూడా మీరే నన్ను తిప్పాలి" అన్నాను.

ఆయన గోడమీది క్యాలెండరు తీసి చూశారు. తర్వాత, "సరే, టికెట్ బుక్ చేయి. ల్యాండ్ అవగానే కాల్ చేయి" అన్నారు. సుగుణక్క మాత్రం బుగ్గలు నొక్కుకుంది. "వారం రోజులూ ఒక్క ఊళ్లోనేనా? ఏం చేస్తావే అక్కడ? టూర్ గ్రూప్‌తో వెళ్తే ఏడు కంట్రీస్ కవర్ చేస్తారు!"

సెప్టెంబరులో వెళ్లాను. ఎండ తగ్గి, జనం పలచబడే కాలమది. మీరూ వీలైతే అప్పుడే వెళ్లండి. న్యూయార్క్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి లిస్బన్‌లో దిగాను. కొత్తగా వచ్చిన అమెరికన్ పాస్‌పోర్టు చేతిలో ఉంది కాబట్టి వీసా గొడవ లేకపోయింది. బయట నల్లటి టాక్సీలు, వాటికి పచ్చరంగు పైకప్పులు. ఊరు దగ్గరే, ఛార్జీ కూడా తక్కువే. కానీ ఆ ఇరుకు వీధుల్లో డ్రైవరు మలుపు తిప్పినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. అతను అద్దంలోంచి చూసి, "ఒంట్లో బాలేదా?" అన్నట్టు పొట్టమీద చెయ్యి పెట్టి సైగ చేశాడు. కాదని తల ఊపాను. అయినా అక్కణ్ణుంచి ఎడ్లబండిలా మెల్లగా నడిపాడు.

గ్రాసా అనే కొండమీద పేట. ఇరేన్ మేనత్త సెలెస్త్ గారి ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, పొట్టిగా, చేతుల్లో బలమున్న మనిషి. నా పెట్టె లాక్కుని ముందు తనే ఎక్కేసింది. కిటికీ తీస్తే ఎర్ర పెంకుల కప్పులు, వాటి కింద తేజో నది. పొద్దుటి కాఫీ, రొట్టెతో కలిపి గది అద్దె న్యూజెర్సీ మోటెల్‌లో సగం కూడా లేదు. ఇప్పుడు అలా దొరక్కపోవచ్చు గానీ, నది పక్కనుండే హోటళ్లకన్నా కొండమీద పేటల్లో ఇళ్లు ఇప్పటికీ చవకేనట.

మొదటి రెండు రోజులూ నడిచాను. నేలంతా చిన్న చిన్న తెల్లరాళ్లు పరిచి ఉంటుంది. చినుకు పడిందంటే నున్నగా జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. అల్ఫామా అనే పాత పేట సందుల్లో దారి తప్పి, ఒకే కాఫీ కొట్టు ముందుకి మూడుసార్లు వచ్చాను. మూడోసారి కొట్టాయన లోపలికి పిలిచి, అడక్కుండానే చిన్న కప్పులో చిక్కటి కాఫీ పోసిచ్చాడు. నాకది ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆలస్యమైందని ఎదురుచూసేవాళ్లు లేరు, తీసుకెళ్లమని అడగాల్సినవాళ్లు లేరు. ఎటు బుద్ధి పుడితే అటు కాళ్లు పోతున్నాయి.

మూడోరోజు ట్రామెక్కాను. ఇరవై ఎనిమిదో నంబరు పసుప్పచ్చ ట్రాము, లోపలంతా చెక్క బెంచీలు. ఇళ్ల గోడకీ ట్రాము కిటికీకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండదు కొన్నిచోట్ల. దిగువకి దిగుతుంటే నా కాలు మళ్లీ బ్రేకు తొక్కింది. ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని చివరిదాకా పోయాను. మర్నాడు మళ్లీ ఎక్కాను. ఆ మర్నాడూ ఎక్కాను. మెడలో సంచి వేసుకున్న ఒక ముసలావిడ రోజూ చేపల బజారు దగ్గర దిగేది. మూడోరోజుకి నన్ను చూసి, జరిగి చోటిచ్చింది.

ఆ బజార్లో ఒకరోజు నిగనిగలాడే కవళ్లు, అదే సార్డీన్ చేపలు, కనబడ్డాయి. మాది నరసాపురం. కవళ్లు కనబడితే ఊరుకోలేను. కాగితంలో చుట్టించుకుని తెచ్చాను. సెలెస్త్ గారు వాటిని బొగ్గులమీద కాలుస్తానంది. సగం ఆవిడకిచ్చి, మిగతా సగం నేను ఇంటినుంచి తెచ్చుకున్న కారం వేసి, చింతపండు లేదు కాబట్టి టమాటాలు, నిమ్మకాయతో పులుసు పెట్టాను. ఆ పూట ఆవిడ తమ్ముడు అర్మాందు భోజనానికొచ్చాడు. కొట్లకి సరుకు చేరవేసే వ్యాను డ్రైవరు, పెద్ద మీసాలు, ఇంగ్లీషు ముక్క రాదు. పులుసు నోట్లో పెట్టుకోగానే అక్కకీ తమ్ముడికీ కళ్లవెంట నీళ్లు. అయినా అతను రొట్టెతో గిన్నె తుడిచి తిని, ఏదో అన్నాడు.

"ఆదివారం మేం సముద్రానికి వెళ్తాం, మిమ్మల్నీ రమ్మంటున్నాడు" అంది సెలెస్త్ గారు. "ఈ పులుసు పెట్టిన మనిషి అక్కడికి ఒంటరిగా రైల్లో పోవడానికి వీల్లేదట."

అతని కారులో వెళ్లడమంటే నాకు భయమే. కానీ ఏం చెప్పి తప్పించుకోను? సరేనన్నాను.

ఆదివారం పది గంటలకి అర్మాందు పాత బుల్లి కారు వచ్చింది. నన్ను ముందు కూర్చోబెట్టారు. నదివెంట పోయి, కష్కాయిష్ అనే ఊరు దాటి, గిన్షు అనే తీరానికి చేరాం. మీరు వెళ్లాలంటే లిస్బన్‌లో నది ఒడ్డు స్టేషన్‌నుంచి కష్కాయిష్‌కి ముప్పావుగంటలో చేర్చే రైలుంది, అక్కణ్ణుంచి బస్సు. దారి పొడుగునా నా కాలు దాని పని అది చేస్తూనే ఉంది. అర్మాందు అది చూసి అక్కని అడిగాడు. నేను జరిగింది ముక్తసరిగా చెప్పాను. ఆవిడ అతనికి చెప్పింది. అతను మీసం దువ్వుకున్నాడు.

ఇసకలో గుడ్డ పరుచుకుని కాల్చిన చేపలు, రొట్టె, ద్రాక్షపళ్లు తిన్నాం. గాలి మనిషిని తోసేసేలా ఉంది. తిరిగి బయల్దేరేటప్పుడు అర్మాందు తాళాలు తెచ్చి నా ముందు పెట్టి, ఏదో గబగబా చెప్పాడు.

సెలెస్త్ గారు నవ్వాపుకుంటూ అంది: "పెళ్లయిన నాటినుంచీ ప్రతి వేసవిలో ఈ రోడ్డుమీద నడుపుతున్నాడట. ఒక్కసారి కూడా సముద్రం సరిగ్గా చూళ్లేదట, రోడ్డే చూడాలి కదా. నాకు నడపడం రాదు. వాళ్లావిడకీ రాదు. మీకొచ్చు కాబట్టి మీరు నడిపితే తను చూస్తాడట."

"వచ్చు గానీ..."

"మెల్లగా పోనివ్వమంటున్నాడు. మెల్లగా పోతేనే తనకి బాగా కనబడుతుందట."

ఎనిమిది నెలలుగా అందరూ నాకోసం ఏదో ఒకటి చేస్తున్నారు. నన్ను ఏదైనా చేసిపెట్టమని అడిగినవాళ్లు లేరు. న్యూజెర్సీ లైసెన్సు ఎందుకో పర్సులోంచి ఎప్పుడూ తీయలేదు, అక్కడే ఉంది. ఆ కారుకి చేత్తో మార్చే గేర్లున్నాయి. అమెరికా వచ్చిన కొత్తలో మేం కొన్న పాత కారుకీ గేర్లే ఉండేవి, నేను నేర్చుకున్నది దానిమీదే. ఆ సాకు కూడా చెప్పడానికి లేదు. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

ఇంజను రెండుసార్లు ఆగిపోయింది. వెనకసీట్లో సెలెస్త్ గారు జపమాల తీసింది. మూడోసారి కారు కదిలింది. రోడ్డుకి కుడివైపు సముద్రం, ఎడంవైపు ఇసక దిబ్బలు. కొంచెం దూరం పోయామో లేదో, గాలికి తెల్లటి ఇసక రోడ్డుమీద అలలు అలలుగా పాకుతూ వచ్చింది. అచ్చం రూట్ వన్ మీద మంచుపొడి కదిలినట్టే. నా చేతులు బిగుసుకుపోయాయి. కారు పక్కకి తీసి ఆపేశాను. వెనక వచ్చిన బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. తలుపు తీసుకుని దిగిపోదామనుకున్నాను.

పక్కకి చూస్తే అర్మాందు నావైపు తిరగనే లేదు. కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి, రాళ్లమీద విరుగుతున్న కెరటాల్ని కళ్లార్పకుండా చూస్తున్నాడు. నేను ఆపింది తను చూడ్డానికే అనుకున్నాడు! కాసేపటికి, ఇంక చాలు పోనివ్వు అన్నట్టు చేత్తో ముందుకి చూపించాడు.

గేరు వేసి కదిలాను. చక్రాలు ఇసకమీదకి ఎక్కాయి. చిన్న గరగర శబ్దం వినిపించింది, అంతే. కారు జారలేదు. అలా లైట్‌హౌసు దాటి, కష్కాయిష్ మొదట్లో ఇళ్లు వచ్చేదాకా నడిపాను. దిగితే జాకెట్టు చెమటకి తడిసిపోయి ఉంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు. అర్మాందు మాత్రం టోపీ తీసి, నాకు థాంక్స్ చెప్పాడు.

మర్నాడు కాఫీ తాగుతూ సెలెస్త్ గారిని అడిగాను, "నాకు ధైర్యం రావాలనే కదా మీ తమ్ముడు అలా అన్నాడు?"

"వాడా?" అందావిడ. "వాడికంత తెలివెక్కడిది! రాత్రంతా ఆ సముద్రం కబుర్లే చెప్పి నా ప్రాణం తీశాడు."

తపాలాఫీసుకి వెళ్లి ప్రభాకర్‌కి కాల్ బుక్ చేశాను. "కారు డ్రైవ్ చేశాను" అంటే, "ఎవరి కారు? ఇన్సూరెన్స్ ఉందా?" అని కంగారుపడ్డారు. ఆ తర్వాత గొంతు మారింది. "నిజంగానా?" అన్నారు.

తిరిగొచ్చాక అన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి ఆదివారం చర్చి పార్కింగ్‌లో నాలుగు చుట్లు తిప్పాను. తర్వాత లోపలి రోడ్లమీద మెట్రోపార్క్ దాకా, ప్రభాకర్ పక్కన కూర్చుంటే. చెట్లు ఆకులు రాల్చేసరికి ఒక్కదాన్నే. రూట్ వన్ మీదకి మళ్లీ వెళ్లడానికి ఇంకో చలికాలం గడవాల్సొచ్చింది. కానీ వెళ్లాను. పాతికేళ్లపాటు అదే రోడ్డుమీద తిరిగాను, తర్వాత నా స్నేహితురాళ్లు ఇద్దరికి డ్రైవింగ్ కూడా నేర్పాను.

ఒంటరిగా వెళ్లడమంటే ధైర్యం చూపించడమని చాలామంది అనుకుంటారు. నాకు దొరికింది వేరే. మనల్ని ఎరిగినవాళ్లు మన కష్టం కూడా ఎరిగినవాళ్లే. వాళ్ల ప్రేమలో మనం ఎప్పటికీ కాస్త జబ్బుమనిషిగానే ఉండిపోతాం. అక్కడెవరికీ ఆ అలవాటు లేదు. అక్కడ నేను కవళ్ల పులుసు పెట్టే మనిషిని, కారు నడపడం వచ్చిన మనిషిని. ఆ వారంలో ఆ మనిషితో నాకు మళ్లీ పరిచయమైంది.

చివరగా ఒక్క సలహా. ఏ ఊరు వెళ్లినా ఇంటివాళ్లున్న గదిలో దిగండి, దిగిన రోజే వాళ్లని "ఆదివారం మీరేం చేస్తారు?" అని అడగండి. వాళ్లు రమ్మంటే వెళ్లిపోండి. ఆ ఒక్క రోజుకి మాత్రం ముందుగా ఏ టికెట్టూ కొనుక్కోకండి.