పూత లేని మిషన్లు

2011లో నేను నారాయణగూడలోని ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కంపెనీ అంటే ఒక మందుల షాపు పైన మూడు గదులు, ఆరుగురు మనుషులు. వినికిడి తక్కువున్నవాళ్ల కోసం మిషన్లు తయారుచేసేవాళ్లం. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా జేబులో పెట్టుకుంటే, దాని నుంచి సన్నటి వైరు చెవి దాకా వెళుతుంది. యజమానిని మేమంతా సార్ అనేవాళ్లం. వాళ్లమ్మకు చెవులు వినిపించకుండా పోతే, కొనలేనంత ధరలు చూసి ఆయనే కూర్చుని మొదటి మిషన్ చేశారట. మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంటాను.

తయారైన ప్రతి మిషన్‌నూ పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టడం నా పని.

ఆ ఏడాది ఒక సేవా సంస్థ పెద్ద ఆర్డర్ ఇస్తామని ముందుకొచ్చింది. పల్లెల్లో శిబిరాలు పెట్టి మిషన్లు పంచుతారట. కాకపోతే ఒక షరతు. పక్కన సెల్‌ఫోన్లు ఉన్నా మిషన్ సరిగ్గా పనిచేస్తుందని ల్యాబ్ రిపోర్టు కావాలి.

నమూనా పట్టుకుని నగరం అవతల ఉన్న ల్యాబుకు నేనే వెళ్లాను. నాలుగు గోడలకూ పైకప్పుకూ కోసుగా ఉండే స్పాంజి దిమ్మలు అంటించిన గది అది. మధ్యలో బల్ల మీద మా మిషన్ పెట్టి, తలుపు బిగించి, ఎదురుగా ఉన్న యాంటెన్నా నుంచి తరంగాలు వదిలారు. బయట స్పీకర్లో కందిరీగల తుట్టె కదిలినట్టు మోత.

"డబ్బా ప్లాస్టిక్‌ది కదమ్మా, తరంగాలు సీదా లోపలికి పోతున్నయి" అన్నారు అక్కడి ఇంజనీరు. "లోపల నికెల్ పెయింట్ పూయండి, ఆ లోహం తరంగాలను ఆపుతది. మైకు దగ్గర చిన్న కెపాసిటర్ ఒకటి పెట్టండి."

తిరిగొచ్చి ఆ పూత నా చేతులతో నేనే వేశాను. సన్న కుంచెతో రెండు పొరలు. ఫ్యాను కింద పెట్టి, ఆరిందో లేదో పదిసార్లు చూసుకున్నాను. రెండోసారి ల్యాబులో స్పీకర్ నిశ్శబ్దంగా ఉంది. మిషన్ పాసైంది. సార్ అందరికీ సమోసాలు తెప్పించారు.

తర్వాత ఆర్డర్ పని మొదలైంది. మొదటి బ్యాచ్ నా బల్ల మీదికి రాగానే ఒక డబ్బా విప్పి చూశాను. కెపాసిటర్ ఉంది. పూత లేదు.

"సార్, లోపల పెయింట్ వెయ్యలేదు."

"పెయింట్ ఆరేసరికి పూట గడుస్తదమ్మా. శిబిరం తారీఖు దగ్గర పడ్డది. కెపాసిటర్ పెట్టినం కద, సగం మోత దాంతోనే పోతది. రిపోర్టు వచ్చింది, ఇంక ఏం పరేషాన్?"

కాగితం మీద 'పరీక్షకు పంపిన నమూనా ప్రకారమే తయారైనది' అని అచ్చువేసి ఉంది. దాని కింద సంతకం పెట్టాను. ఒకటి కాదు, ఆ బ్యాచ్ మొత్తానికీ పెట్టాను.

పూత లేని ఆ మిషన్లే కొన్ని మా దగ్గర విడిగా కూడా అమ్మేవాళ్లం. అలా ఒకటి కొనుక్కున్న అమ్మాయి అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేది. మెదక్ వైపు పల్లె. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి తగ్గింది. గ్రూప్స్‌కు చదువుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చిక్కడపల్లి లైబ్రరీలోనే కూర్చునేది. వైరు మార్పించుకోవడానికి వచ్చి, నాతో కబుర్లు చెప్పి వెళ్లేది.

ఒకరోజు నవ్వుతూ వచ్చింది.

"అక్కా, ఎవలకన్న ఫోనొస్తే మోగకముందే నాకు తెలుస్తది. చెవుల గుయ్యిమంటది. నీకు ఫోనొస్తది చూడు అని నేనంట, అంతట్లనే మోగుతది. హాస్టల్ల అందరు నన్ను మంత్రాలక్క అంటున్నరు!"

నేనూ నవ్వాను. అది మంత్రం కాదని, నేను సంతకం పెట్టిన లోపమని తెలిసీ నవ్వాను.

రాతపరీక్షలో నెగ్గి ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ముందురోజు సాయంత్రం మా ఆఫీసుకు వచ్చి మిషన్ నా చేతిలో పెట్టింది.

"జర మంచిగ చూడవా అక్కా. రేపు ఒక్క మాట గూడ పోవద్దు."

పరీక్షించాను. ఫోన్లు లేని నా గదిలో శబ్దం తేటగా ఉంది. విప్పి పూత వేద్దామా అనుకున్నాను. రెండు పొరలూ ఆరి, మళ్లీ బిగించేసరికి ఇంటర్వ్యూ టైము దాటిపోతుంది. పైగా ఎందుకు వేస్తున్నానో చెప్పాలి.

"బాగుంది. లోపల ఫోన్లు ఉండవులే, ఏం కాదు" అన్నాను.

ఫలితాల్లో ఆమె నంబరు లేదు. ఆ సాయంత్రం లైబ్రరీ దగ్గర కలిసింది. మెట్ల మీద కూర్చున్నాం.

"లోపల ఎవలదో ఫోను బందు చెయ్యలేదక్కా. ప్రశ్న అడిగేటప్పుడే గుయ్యిమన్నది. రెండుసార్లు మల్ల అడిగిన. మూడోసారి అడగనీకి సిగ్గయింది. అందాజుగ ఏదో చెప్పిన."

ఆ ఒక్క ప్రశ్నకే ఉద్యోగం పోయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమె ముఖం చూస్తూ ఇక దాచలేకపోయాను. ల్యాబు సంగతి, పూత సంగతి, సంతకం సంగతి అన్నీ చెప్పాను.

ఆమె చాలాసేపు నా పెదవులనే చూసింది, సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు.

"అంటే... ఎరుకుండే ఇచ్చినవా అక్కా?"

"అవును."

"మొన్న నేనొచ్చి అడిగినప్పుడు గూడ ఎరుకేనా?"

తల ఊపాను. కోప్పడితే బాగుండేది. పుస్తకాల సంచి తీసుకుని, మెట్లు దిగి, అశోక్‌నగర్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు సార్‌తో ఇక సంతకం పెట్టనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన నా బల్ల మీదున్న డబ్బా ఒకటి విప్పి చూశారు. "మా అమ్మకైతే గిట్ల ఇస్తుంటినా" అని మాత్రం అన్నారు. ఆ వారం నుంచి ప్రతి డబ్బాకూ పూత పడింది. సేవా సంస్థకు కూడా ఆయనే ఉత్తరం రాశారు. అప్పటికే మిషన్లన్నీ పంచేశారని, ఏ ఊళ్లో ఎవరికి ఇచ్చారో పేర్లు రాసుకోలేదని జవాబొచ్చింది. విడిగా కొన్నవాళ్లకు ఫోన్లు చేశాను. కొందరు వచ్చి మార్పించుకున్నారు. శిబిరాల్లో తీసుకున్నవాళ్లు ఆ మోతను తమ చెవుల జబ్బే అనుకుని ఉంటారు.

పూత వేసిన కొత్త మిషన్ ఒకటి తీసుకుని హాస్టల్‌కు వెళ్లాను. ఆమె గదిలో ఉండే అమ్మాయి గేటు దగ్గరికి వచ్చింది.

"ఖాళీ చేసి ఊరికి పోయిందక్కా. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తయో ఏందో, ఎన్నేండ్లని చూస్తది? ఫోన్ గూడ ఎత్తుతలేదు."

"మిషన్ పెట్టుకుంటోందా?"

"పోయే ముంగటనే తీసేసింది. మనిషి మూతి చూసి అర్థం చేసుకుంట అన్నది."

ఆ మిషన్ గేటు దగ్గరి అమ్మాయి చేతికే ఇచ్చి, ఊరివైపు ఎవరైనా వెళితే పంపించమని అడిగాను. సరే అంది. అందిందో లేదో నాకు తెలియదు.