జోగారావు మాస్టారి రాజ్యం

మొన్న మధ్యాహ్నం మా కంప్యూటర్ సెంటర్లో కరెంటు పోయి, మూలనున్న పాత యూపీఎస్ కీచుమని అరిచింది. పిల్లలు గబగబా ఫైళ్లు సేవ్ చేసుకుంటుంటే నేను ఎందుకో కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆ అరుపు వినగానే పక్క గదిలోంచి "రాజు బతికే ఉన్నాడేటి గౌరీ?" అని అడిగే మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన లేకపోయినా నా కాళ్లు ఇంకా ఆ ప్రశ్నకు లేస్తున్నాయి.

ఆయన జోగారావు మాస్టారు. వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల రైతు కుటుంబం. కాశీబుగ్గలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, మిషన్లు అమ్మేసి, ఒక జీడిపప్పు గోదాము మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టారు. కింద జీడిపిక్కలు కాల్చే పొగ పైకి వచ్చి కళ్లు మండేవి. మాది అక్కుపల్లి, మా నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. డిగ్రీ అయ్యాక నేర్చుకోవడానికి వెళ్లిన నన్ను ఆయన కొన్ని నెలలకే పాఠాలు చెప్పమన్నారు. ఆయనకు కూర్చోవడం తెలియదు. నడుస్తూనే పాఠం చెప్పేవారు, నడుస్తూనే టీ తాగేవారు. నేను చేరిన ఏడే టెక్కలిలో రెండో సెంటర్ తెరిచారు. అక్కడ గోడలకు వేసిన సున్నం ఆరకముందే వజ్రపుకొత్తూరులో మూడోది.

అది రెండువేల అయిదో, ఆరో. మధ్యాహ్నం బ్యాచీలు లేనప్పుడు ఆయన ఒక ఆట ఆడేవారు. వెయ్యేళ్ల నాటి ఐరోపా పటం. అందులో సముద్రం పక్కన ఆయనదొక చిన్న జాగీరు. పెళ్లిళ్లతో, యుద్ధాలతో దాన్ని రాజ్యం చెయ్యాలి. రాజు ముసలివాడై చనిపోతాడు, కొడుకు గద్దెనెక్కుతాడు, ఆట ఆ కొడుకుతో సాగుతుంది. ఇంగ్లీషు వాక్యాలు చదివి చెప్పడానికని నన్ను పక్కన కూర్చోబెట్టి, తను నిలబడే ఆడేవారు. కొన్నాళ్లకు మంత్రాంగమంతా నాతోనే. ఒకసారి రాజు మూడు కోటలు గెలిచి, నాలుగోదాని మీదికి సైన్యం నడుపుతుండగా జబ్బుచేసి పోయాడు. నలుగురు కొడుకులకూ వాటాలు. క్షణంలో పటం మీద మా రంగు నాలుగు రంగులైపోయింది. మాస్టారు స్పేస్‌బార్ నొక్కి కాలాన్ని ఆపి, గదిలో అటూ ఇటూ తిరిగారు.

"నిన్నటి సేవ్ తెరవనా మాస్టారూ?" అన్నాను.

"వద్దు. సచ్చిపోయినోడు సచ్చిపోనాడు. ఇప్పుడున్నోడితోనే ఆడాల," అన్నారు.

ఆ ముక్కల్ని మళ్లీ ఒకటి చెయ్యడానికి మాకు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆయన వారసుల పెంపకం మీద పడ్డారు. చదువు మీద మనసున్న ఒక యువరాజుని పట్టుబట్టి యుద్ధవిద్యలో పెట్టారు. "వీడికి పుస్తకాలంటే ఇష్టమని రాసుంది," అని నేను చెబితే, "రాజుకి ఇష్టమేటమ్మా, రాజ్యానికేటి కావాలో అదే," అన్నారు. ఆ యువరాజు మొదటి యుద్ధంలోనే చనిపోయాడు. మాస్టారు ఆ వేళ టీ తాగలేదు. ఒక బొమ్మ కోసం పెద్దమనిషి అంత బాధపడతాడా అని నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ తర్వాతి వాళ్లని మాత్రం గుణం చూసే చదువులో పెట్టారు.

మరుసటి ఏడు ఆయన పాదాలు వాయడం మొదలైంది. మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే, పాదాలు వాస్తే ఎవరూ కారణం అడగరు. విశాఖలో పరీక్షలు చేయించుకుని వచ్చి, ఆ కాగితాలు సొరుగులో పడేసి, "నాలుగో సెంటర్‌కి సోంపేటలో గది సూసొద్దాం, బస్సెక్కు," అన్నారు నాతో. జబ్బు వెనక నుంచి తరుముతున్నట్టు ఆయనలో తొందర ఇంకా పెరిగింది. ఒక్కడే కొడుకు, కిరణ్. నాలుగూ వాడికే అని ఎం.సి.ఎ.లో చేర్పించారు. ఆ కిరణ్ చదువు మధ్యలో మానేసి వచ్చి మేడమెట్ల మీద నిలబడ్డాడు.

"నాను తోట సూసుకుంటాను నాన్నా. ఈ గదుల్లో నాకు ఊపిరాడదు."

మాస్టారు పాఠం చెప్పడానికి పక్క గదిలోకి నడిచారు. ఆ రోజే కాదు, చాలా వారాలు కొడుకుతో మాట్లాడలేదు. ఆయన భార్య సుభద్రమ్మగారు కేరేజీ తెచ్చి, నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకునేవారు. "తండ్రీకొడుకులు ఒక కంచం దగ్గర కూకోడం లేదమ్మా. నువ్వైనా సెప్పి సూడు. నీ మాటింటారు."

ఒక మధ్యాహ్నం ఆయన ఆటలో కొత్తగా పుట్టిన మనవడి గుణాలు చదవమన్నారు. చదివాను. తర్వాత ఆగలేక అడిగేశాను. "వీడి గుణం సూసే పని ఇత్తారు గదా మాస్టారూ. మరి కిరణ్‌ది సూడరేటి?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూశారు. "నిజానికి ఆడు మంచి రైతే," అన్నారు, ఎవరితోనో చెబుతున్నట్టు. "మా అయ్య పోలిక."

తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. సోంపేట మాట వదిలేశారు. టెక్కలి సెంటర్‌ని అక్కడ పాఠాలు చెప్పే ప్రసాద్‌కి, వజ్రపుకొత్తూరుది అక్కడి అమ్మాయికి అప్పజెప్పారు. కాశీబుగ్గ తాళాలు నా చేతిలో పెట్టారు. బంధువులు గొడవ చేశారు. రాజ్యాన్ని ఊరోళ్లకి పంచేశాడన్నారు. కిరణే వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. "మా నాన్న మతి ఉండే ఇచ్చినాడు. మీకేటి నట్టం?" అన్నాడు. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు కలిసి తోటకు వెళ్లారని సుభద్రమ్మగారు చెప్పారు.

నాకు తాళాలిచ్చాక కూడా ఆయన, డయాలసిస్ లేని రోజుల్లో, వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవారు. జీవితంలో మొదటిసారి కూర్చున్నారు. నేను బ్యాచీలు తప్పుగా వేసి పిల్లల్ని పోగొట్టుకుంటున్నానని ఆయనకు తెలుసు. పెదవి కొరుక్కునేవారు, కాలు ఆడించేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు. "సెప్పొచ్చు గదా మాస్టారూ," అని విసుక్కుంటే, "సెప్తే నువ్వు నాను పోయేదాకా నన్నే అడుగుతావు," అన్నారు. తాళాలిచ్చిన మూడో ఏడు వానాకాలంలో పోయారు. టెక్కలి సెంటర్ తర్వాత మూతపడింది. వజ్రపుకొత్తూరుది నడుస్తోంది. తిత్లీ తుపానుకి తోటలో జీడిచెట్లన్నీ పడిపోతే కిరణ్ మళ్లీ మొదటి నుంచి నాటాడు.

నాకు ఆయన ఇచ్చినవాటిలో తాళాలు చిన్నవి. అన్నీ సవ్యంగా సాగుతున్న రోజున నన్ను నేను అడిగే ఒక ప్రశ్న పెద్దది: రేపు నేను రాకపోతే? అందుకే ఇప్పుడు వారానికోసారి చెప్పకుండా సెలవు పెడతాను. మా సెంటర్లో పాఠాలు చెప్పే ఇద్దరమ్మాయిలకూ తాళాలుంటాయి. అక్కుపల్లి ఒడ్డున, లాగిపెట్టిన తెప్పల పక్కన ఇసుకలో కూర్చుంటాను. సెంటర్లో ఆ ఇద్దరూ ఏం పాడుచేస్తున్నారో, ఏ పిల్లాడికి ఏం తప్పు చెబుతున్నారో అని మనసు నిలవదు. చెయ్యి మాటిమాటికీ ఫోను దగ్గరికి పోతుంది.

ఫోను చెయ్యను.