వదిన మెచ్చిన చీజ్ డిప్

ఈ సాయంత్రం మా అబ్బాయి స్నేహితుల పార్టీకని కోడలు చీజ్ కరిగించి, బీరు పోసి చిక్కటి డిప్ చేసింది. నేను ఆ గిన్నె దరిదాపులకు పోలేదు. ఇంతలో గూడూరు నుంచి మా ఆయన అక్కయ్య దిగారు. కోడలి వంటను ఆవిడ ఏనాడూ వంక పెట్టకుండా తినలేదు. మేం నోరు తెరిచేలోపే మురుకు అందులో ముంచుకుని తినేశారు.

"ఏం చేసినావమ్మీ! కమ్మగా ఉండాది. ఏమేసినావు ఇందులో?"

కోడలు బిక్కమొహంతో నా వైపు చూసింది. పాపం, ఆ పిల్లకు దొరికిన మొదటి మెప్పు అది.

"పులియబెట్టిన బార్లీ నీళ్లు వదినా" అన్నాను మెల్లగా.

"ఒంటికి చలవే. శనివారం మా భజనకు ఒక గిన్నెడు పంపీ."

దేవుడి సాక్షిగా నేను అబద్ధమాడలేదు. వదినకు కనపడకుండా ఈ స్టేటస్ పెడుతున్నాను. శనివారం మజ్జిగ పోసి చేయిస్తే, రుచి తగ్గిందని కనిపెట్టేస్తారంటారా?