లింగమూర్తి పెట్టిన సంతకం

లింగమూర్తికి కడుపు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్కింటి తాలింపు వాసన ఘుమఘుమలాడినా మండుతుంది. కానీ ఆ జూలైలో గోదావరిఖని కాలనీలో డప్పుల మోత విన్న రోజు మండినట్టు యాభై ఏడేళ్ళలో ఎన్నడూ మండలేదు. పక్క క్వార్టర్ సదయ్య కూతురు దీప మిలిటరీలో ఆఫీసర్‌గా ఎంపికైందట! చెన్నై అకాడమీలో పదకొండు నెలల శిక్షణ, ఆ తర్వాత భుజాల మీద రెండు నక్షత్రాలు, లెఫ్టినెంట్ అని పిలుపు.

ఫస్టు షిఫ్టు చేసి వచ్చిన మనిషి ఇంకా బూట్లయినా విప్పలేదు. భార్య రమ గిన్నెలో రెండు లడ్డూలు పెట్టుకుని ఎదురొచ్చింది.

"సదన్నోళ్ళు ఇచ్చిన్లు. తినయ్యా, మన కండ్ల ముంగట పెరిగిన పిల్ల."

"షుగరున్నది నాకు."

"ఎప్పట్సంది?"

"ఇయ్యాల్టి సంది," అని బూటు విసిరికొట్టాడు. అది పోయి నీళ్ళ డ్రమ్ముకు తగిలింది.

ఇంత కుళ్ళు ఎందుకయ్యా అంటే, మిలిటరీ అకాడమీ అనేది ఆ కాలనీలో లింగమూర్తి సొంత ఆస్తి. గనిలోకి దిగేముందు హాజరు వేసే చోట చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడంటే చాలు, డెహ్రాడూన్ మొదలయ్యేది. తెల్లవాళ్ళ కాలంలో మనవాళ్ళు ఆఫీసర్లు కావాలంటే ఇంగ్లండుకు ఓడెక్కాల్సి వచ్చేదని, అడిగి అడిగి చివరికి 1932లో డెహ్రాడూన్‌లో మనకంటూ ఒక అకాడమీ తెరిపించుకున్నారని చెప్పేవాడు. మొదటి జట్టులో నలభైమందే. ఆ నలభైమందిలోంచే మూడు దేశాలకు సైన్యాధిపతులు వచ్చారని చెప్పేటప్పుడు తనే వాళ్ళకు పాఠం చెప్పినట్టు మీసం దువ్వేవాడు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా మిలిటరీ అకాడమీలో పెద్ద భవనానికి సూడాన్ దేశం డబ్బిచ్చిన సంగతి, చైనా యుద్ధంలో ఆఫీసర్లు చాలక ఆ మరుసటేడు మద్రాసులో ఇంకో బడి పెట్టిన సంగతి, అక్కడే 1992 నుంచి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్న సంగతి అన్నీ నోటికే ఉండేవి. చివరి కవాతు రోజున క్యాడెట్లు దాటే గడపను అంతిమ్ పగ్ అంటారు. అది దాటాడా, నిన్నటిదాకా బండబూతులు తిట్టి పరుగెత్తించిన ఉస్తాదే వాడికి సెల్యూట్ కొట్టాలి. ఆ తర్వాత తల్లి ఒక భుజం మీద, తండ్రి ఒక భుజం మీద నక్షత్రాలకు కప్పిన గుడ్డ తీస్తారు. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి లింగమూర్తి చేతిలో చాయ్ చల్లారిపోయేది.

"ఇంతకూ నువ్వు గాడికి ఎప్పుడు పోయినవే లింగన్నా?" అని కొత్తగా వచ్చినవాడెవడైనా అడిగితే పాతవాళ్ళు వాణ్ణి మోచేత్తో పొడిచేవారు.

పోలేదు. పోనివ్వలేదు. అదే కదా గొడవంతా.

1986లో ఇంటర్ చదువుతూ ఖడక్‌వాస్లా పరీక్ష రాస్తే, ఈ బొగ్గు ప్రాంతంలోంచి అతనొక్కడే గట్టెక్కాడు. భోపాల్‌లో ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి బుచ్చన్న ఊపిరితిత్తులు పాడై పనికి పనికిరాడని తేలింది. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కి ఇస్తారు. అందుకు తండ్రీకొడుకులిద్దరూ కొత్తగూడెం మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. భోపాల్‌కు రమ్మన్న రోజు, కొత్తగూడెం పోవాల్సిన రోజు ఒక్కటే అయ్యాయి.

"ఆఫీసరు ఎప్పుడైతవో ఏమో బిడ్డా, నౌకరి ఇప్పుడున్నది," అన్నాడు బుచ్చన్న. దగ్గుతూ అన్నాడు. దగ్గే తండ్రికి ఎదురేం చెప్తాడు? లింగమూర్తి కొత్తగూడెం బస్సెక్కాడు. పందొమ్మిదేళ్ళకు తలమీద దీపం కట్టుకుని గనిలోకి దిగాడు, ఇప్పటికీ దిగుతూనే ఉన్నాడు.

తనకు దక్కనిది కొడుకు రుత్విక్‌కు దక్కించాలని పదేళ్ళు పోరాడాడు. తెల్లవారకముందే స్టేడియంలో ఉరికించాడు, అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. రుత్విక్ మూడుసార్లు ఇంటర్వ్యూకు పోయాడు, మూడుసార్లూ తిరిగొచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో కాల్ సెంటర్లో చేస్తున్నాడు, ఫోన్లో తండ్రి గొంతు వింటే చాలు తల్లికి ఇవ్వమంటాడు. ఆ రోజుల్లో అరుగు చివర కూర్చుని చెవులప్పగించి విన్నది సదయ్య కూతురు దీప. ఆడపిల్ల, విని ఏం చేస్తుందిలే, కాలక్షేపానికి వింటోంది అనుకున్నాడు. చివరికి ఆ వినడమే కొంప ముంచింది.

డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి వచ్చి అడిగింది కూడా.

"కాకా, రుత్విక్ బుక్కులు ఒక్క నెల ఇస్తవా? రాసుకొని ఇచ్చేస్త."

"అయ్యో బిడ్డా, గవన్ని చెదలు పట్టినయి. మొన్ననే కాలవెట్టినం," అన్నాడు. పుస్తకాలు ట్రంకుపెట్టెలో, ఒక్క చెదపురుగు కూడా సోకకుండా పాత దుప్పట్లో చుట్టి నిక్షేపంగా ఉన్నాయి. ఆ పిల్ల సరే కాకా అని తలూపి పోయింది. పుస్తకాలు లేకుండానే గెలిచి కూర్చుంది. దానికీ మండింది అతనికి, తన పుస్తకాలు అక్కర్లేకుండా ఎట్లా గెలిచిందని!

లడ్డూలు పంచిన పది రోజులకు స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ జైపాల్ కాలనీకి వచ్చాడు. అకాడమీలో చేరబోయే పిల్ల ఎటువంటిది, తల్లిదండ్రులెవరు, వాళ్ళు రాసిన వివరాలు నిజమేనా అని విచారించి కాగితం పంపితే తప్ప చేర్చుకోరు. మోటార్ సైకిల్ ఆపి నేరుగా లింగమూర్తి అరుగు మీదికే వచ్చాడు.

"పక్కింటి సదయ్య గనిలో పనిచేస్తడని పిల్ల రాసింది. కంపెనీ రికార్డులల్ల సదయ్య అన్న మనిషే లేడు. మీకేమన్న తెలుసా?"

లింగమూర్తికి తెలియకపోవడమేమిటి! ముప్పై ఏళ్ళుగా గనిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. సదయ్య అసలు పేరు సదయ్యే. కానీ గనిలో అతను పోశం. అప్పట్లో వాళ్ళూరి పోశంకు నౌకరి కాగితం వచ్చింది, వాడికి భూమిలోపలికి దిగాలంటే వణుకు. ఎకరం భూమి లేని సదయ్య ఆ కాగితం పట్టుకుని పోశం పేరుతో దిగాడు. ఆ రోజుల్లో అట్లా మారుపేర్లతో చేరినవాళ్ళు బొగ్గు ప్రాంతంలో కుప్పలు. కంపెనీలో పోశం, ఇంట్లో సదయ్య. పిల్ల పదో తరగతి మెమోలో మాత్రం కన్నతండ్రి పేరు పెట్టుకున్నారు. బయటపడితే నౌకరి పోతుంది. అందుకే తోటివాళ్ళు ఒకరి మారుపేరు ఒకరు కడుపులో దాచుకుంటారు. అదొక కట్టుబాటు, తాగి తన్నుకున్న రోజున కూడా ఆ మాట నోట రాదు.

నాకు తెలియదు సారూ అంటే సరిపోయేది. ఎవరైనా అదే అనేవారు.

లింగమూర్తి కళ్ళ ముందు దీప భుజం కనిపించింది, దానిమీది గుడ్డ తీస్తున్న సదయ్య చెయ్యి కనిపించింది. అదే బొగ్గు తవ్విన చెయ్యి, తనదీ అదే బొగ్గు తవ్విన చెయ్యి. ఒళ్ళు భగ్గుమంది.

"గనిలో ఆయన పోశం సారూ. సదయ్య, పోశం ఒక్కడే మనిషి," అన్నాడు.

"రాసిస్తరా?"

"ఎందుకియ్య?"

గుండ్రటి చేతిరాతతో రాసిచ్చాడు. ఇంటర్లో నేర్చుకున్న ఇంగ్లీషు సంతకం, కింద గీతతో సహా పెట్టాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. తను నిజమే చెప్పాడు, తప్పేముంది? జైపాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తలుపు వెనకాల నిలబడి విన్న రమ బయటికి వచ్చింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"పిల్ల నోట్లె మన్ను గొట్టినవ్. ఎన్నడన్న నిన్ను కాక అనకుంట పిలిచిందా అది? థూ నీ బతుకు."

ఆ తర్వాత మూడు రోజులు లింగమూర్తికి ముద్ద దిగలేదు. పక్కింటి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు. గనిలో హాజరుకు తీసుకునే పోశం బిళ్ళ పలకకే వేలాడుతోంది, తీసుకునే మనిషి రాలేదు. ఎక్కడున్నాడని ఎవరినీ అడిగే ధైర్యం లేదు. అయింది, తీసేశారు అనుకున్నాడు. సంతోషం కలుగుతుందేమో అని కాసేపు ఎదురుచూశాడు కూడా. అదేం కలగలేదు.

నాలుగో రోజు సాయంత్రం సదయ్యే వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అరుగు దిగువన నిలబడ్డాడు. కొడతాడనుకుని లింగమూర్తి లేచి నిలబడ్డాడు.

సదయ్య రెండు చేతులూ జోడించాడు.

"లింగన్నా, నీ మేలు చచ్చినా మరువనే. పన్నెండు మందిని అడిగిన్లట పోలీసోళ్ళు. మాకెందుకొచ్చిన లొల్లి అని ఎవ్వలు సంతకం పెట్టలే. నువ్వొక్కనివే పెట్టినవ్. ఇయ్యాలనే కాయితం పోయింది. దీపది ఓకే అయింది."

లింగమూర్తికి ఏమీ అర్థం కాలేదు. సదయ్య అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పాడు. జైపాల్ ఇక్కడికి రాకముందే, ఆ సోమవారమే, పిల్ల కాగితంలో ఒక పేరు, కంపెనీలో ఒక పేరు ఉంటే ఆగిపోతుందని సదయ్య తనంతట తను కంపెనీ ఆఫీసుకు పోయి రాసిచ్చేశాడు. నేను పోశం కాను, సదయ్యను, ఇన్నేళ్ళు ఇంకొకరి పేరుతో పనిచేశాను అని. కంపెనీ వెంటనే పని ఆపేసింది, విచారణ పెట్టింది. అటు పోలీసులేమో సదయ్య, పోశం ఒక్కడేనని గనిలో పనిచేసే ఒక్క సాక్షయినా, ఎవరూ చెప్పించకుండా, రాసివ్వాలన్నారు. ఆ సాక్ష్యం దొరకక దీప కాగితం ఆగి ఉంది.

ఆ చేతులు జోడించడం చూశాక ఊరుకోవడం లింగమూర్తి వల్ల కాలేదు.

"సదన్నా, నీ మేలు కోరి పెట్టలేదే. కుళ్ళుతోని పెట్టిన. నీ బిడ్డ ఆగిపోవాలెనని పెట్టిన."

"ఎర్కనే," అన్నాడు సదయ్య.

"ఏం ఎర్క?"

"నీ పక్కింట్ల ముప్పై ఏండ్లసంది ఉంటున్న, గింత తెల్వదా? బుక్కులకు చెదలు పట్టినయన్న రోజు మా పిల్ల ఇంటికొచ్చి ఏడిశింది. ఏడిస్తే ఏడిశింది గని, ఇంటర్వ్యూల నీ ముచ్చట్లే చెప్పిందట. డెహ్రాడూన్ నలభైమందిది, సూడాన్‌ది. నువ్వు ఎందుకు పెడితే నాకేంది, సంతకమైతే పెట్టినవ్ గదా."

లింగమూర్తి తల దించుకునే అడిగాడు.

"నౌకరి పోతది గదనే! రిటైర్‌మెంటుకు ఇంక రెండేండ్లే ఉండె. చప్పుడు చెయ్యకుంట ఉంటే పిల్ల మల్ల పరీక్ష రాసుకునేది."

"మల్ల ఉత్తరమొస్తదా?" అన్నాడు సదయ్య. "నీకొచ్చిందా?"

లింగమూర్తి అరుగు అంచును గోటితో గీకాడు.

"చాయ్ తాగుకుంట నువ్వు గా ముచ్చట చెప్పినప్పుడల్ల నేను ఒక్కటే అనుకునేటోన్ని అన్నా. నా ఇంటికి గసుంటి కాయితం ఎప్పుడన్న వస్తే, నౌకరి కోసమని ఆపొద్దు అని. నిన్ను చూసే అనుకున్న," అని లేచాడు సదయ్య. "ఐతారం రామగుండంల పిల్లను బండెక్కిస్తున్నం. వస్తవా?"

"వస్త," అన్నాడు లింగమూర్తి.

సదయ్య వెళ్ళిపోయాడు. లోపలి గోడకు తండ్రి బుచ్చన్న ఫోటో ఉంది, దండ మార్చి చాలా రోజులైంది. లింగమూర్తి దానికేసి చూశాడు. ఇన్నాళ్ళూ తనకు సదయ్య మీద కుళ్ళు అనుకున్నాడు, వాడి కూతురు ఆఫీసరవుతోందని. అది ఈ సాయంత్రం ఎటు పోయిందో పోయింది. దాని బదులు దీపను తలుచుకుంటే గుండెల్లో కొత్తగా మంట లేచింది, పాతదానికంటే పెద్దది. ఇరవై రెండేళ్ళ ఆ పిల్లకు ఉత్తరం వచ్చిన రోజున నువ్వు పో బిడ్డా అనే తండ్రి ఉన్నాడు.

రమ వచ్చి అన్నం పెట్టనా అని అడిగింది.

"నాకెందుకు లేకపోయెనే గసుంటి నాయిన?" అన్నాడు లింగమూర్తి. యాభై ఏడేళ్ళ మనిషి, ఆమె కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.