కుడిచేతి గిటారు

పెనుకొండలో రైల్వేస్టేషనుకు పోయే దారిలో ఉన్న చిన్న ప్రార్థనా మందిరంలో ఇరవై ఆరేళ్లపాటు ప్రతి ఆదివారమూ గిటారు వాయించినవాడు తిరుపాల్. ఆయన విద్వాంసుడు కాడు. రాగాల పేర్లు తెలియవు, స్వరలిపి చదవలేడు. హిందూపురంలోని ఒక నూలుమిల్లులో యంత్రాలు బాగుచేసే పని ఆయన జీవనాధారం. వారానికి ఆరు రోజులు తెల్లవారుతూనే ప్యాసింజరు రైలెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగివచ్చేవాడు. దేవుడు విశ్రాంతికని ఏర్పరచిన దినాన మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కొని, వేదికకు ఒక పక్కగా నిలిచి, పాటకు ముందు నడిచేవాడు. గణాలు కుదిరిన పద్యపాదం తనంతట తాను సాగిపోయినట్టు, ఆయన వేళ్లకింద ఆ కీర్తనలు సాగిపోయేవి.

రెండేళ్ల కిందట మిల్లులో బెల్టు బిగిస్తూండగా, ఆగి ఉన్న యంత్రం ఒక్క క్షణం కదిలింది. ఎడమచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోయాయి. వైద్యం జరిగింది, గాయాలు మానాయి. యాజమాన్యం ఆయనను స్టోరు గదిలో కూర్చోబెట్టింది. పరామర్శకు వచ్చినవారందరూ ఒకే మాట చెప్పి ఓదార్చారు: పోయింది ఎడమచేయే కదా, అన్నం తినే చేయి, సంతకం పెట్టే చేయి నిలిచింది కదా అని. గిటారు తంతులను నొక్కేది ఎడమచేతి వేళ్లేనని చెప్పి వారి ఓదార్పును పాడుచేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఇన్నేళ్లుగా తంతుల మీద కాయలు కాచిన చర్మం ఆ రెండు కణుపులతో పాటే పోయింది.

మందిరంలో పాటలు ఆగలేదు, ఆగవలసిన పనీ లేదు. బాలాజీ అనే యువకుడు కీబోర్డు తెచ్చాడు. వినయవంతుడు, చేయి తిరిగినవాడు. తిరుపాల్ మూడవ వరుసలో కూర్చోసాగాడు. పెదవులు కదిలేవి కాని గొంతు వచ్చేది కాదు. చేతిలో వాద్యం లేకుండా పాడటం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు.

ఆయన భార్య అంజనమ్మ ఇది కనిపెట్టి ఒక ఆదివారం దారిలోనే అడిగింది.

"ఏమయ్యా, నోరు ఊరికే ఆడిస్తాండావు, పాడరాదా?"

"అందరూ పాడతాండారు గదా."

"అందరూ తింటాండారని నువ్వు తినకుండా ఉంటావా?"

ఆ రాత్రి ఆయన పాత గిటారును గోడ మీదినుంచి దించి, తిరగేసి పట్టుకొని చూశాడు. కుడిచేతితో నొక్కి, ఎడమచేతితో మీటితే? మీటడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు. ఆ రెండూ ఉన్నాయి. అయితే గిటారు తిరగబడితే తంతుల వరుసా తిరగబడుతుంది. పైన ఉండవలసిన లావు తంతి అడుగుకు పోతుంది. తంతులను విప్పి మార్చి కట్టినా, అవి ఆనే గాట్లు సరిపోవు, శ్రుతి నిలవదు. మొదటినుంచీ ఎదురు చేతికని చేసిన గిటారు కావాలి.

హిందూపురంలో వాద్యాలు అమ్మే ఒక దుకాణానికి పోయి అడిగాడు. దుకాణదారు ఆయన ముఖం కంటే ముందు చేతిని చూశాడు. "ఈ చేత్తో గిటార్ ఏం వాయిస్తావన్నా? మౌత్ ఆర్గన్ తీసుకుపో, దానికి వేళ్లతో పనిల్యా" అన్నాడు. ఎగతాళికి కాదు, మేలు కోరే అన్నాడు. అందువల్లనే ఆ మాట మానని పుండయింది. ఆ నాటినుంచి తిరుపాల్ భుజం మీది తువ్వాలును ఎడమచేతికి చుట్టుకొని బయటికి వెళ్లసాగాడు.

ధర్మవరంలో దాసప్ప అనే వడ్రంగి గిటార్లు చేస్తాడని మిల్లులో ఎవరో చెప్పారు. దాసప్ప తండ్రీ తాతా చేతిమగ్గాలు చేసినవారు. మరమగ్గాలు వచ్చి ఆ పని సన్నగిల్లాక, దాసప్ప బెంగుళూరులో గిటార్లు తయారుచేసేచోట తొమ్మిదేళ్లు పనిచేసి, తిరిగివచ్చి సొంతంగా సంవత్సరానికి మూడో నాలుగో చేస్తున్నాడు. తిరుపాల్ సెలవు పెట్టి, రైల్లో నిలబడి, ఆయన కొట్టానికి పోయాడు.

"ఏం కట్టె పెడదామన్నా?" అని మొదలుపెట్టాడు దాసప్ప, రంపపు పొట్టు దులుపుకుంటూ. "పైపలకకు స్ప్రూస్ ఉండాది. వెనక్కి రోజ్‌వుడ్ పెట్టుకుంటే గొంతు లోతుగా వస్తాది."

"లోతుగానే ఉండాలప్పా. మా మందిరంలో పాడేవాళ్లు ఎక్కువ, మైకు ఒకటే."

"అయితే రోజ్‌వుడ్డే. కుడిచేతిదా, ఎడమచేతిదా?"

"కుడిచేతిది" అన్నాడు తిరుపాల్ తడుముకోకుండా.

ఆయన ఉద్దేశంలో గిటారుకు చేయి అంటే తంతిని నొక్కే చేయి. ఎడమచేయి పనికిరానివాడికి కావలసింది కుడిచేతి గిటారు కాక మరేమిటి? గిటార్లు చేసేవారి భాషలోనైతే చేయి అంటే మీటే చేయి. కుడిచేతి గిటారంటే లోకంలో అందరూ వాయించే మామూలు గిటారే. సవ్యమనే మాటకు సంస్కృతంలో ఎడమ అని అర్థం ఉండగా, తెలుగు వాడుకలో అదే మాట సరియైనదానికి పేరయింది. చదువుకున్నవారు అటువంటి మాటను అటూ ఇటూ తిప్పి చూసి ముచ్చటపడతారు. మాట రెండు వైపులకు తిరిగి ఉండగానే కట్టె కోతకు పోతే మాత్రం ముచ్చట మిగలదు.

"ఒకసారి వాయించి చూపించన్నా" అన్నాడు దాసప్ప. "మెడ ఎంత లావు పెట్టాల్నో నీ పట్టు చూస్తే తెలుస్తాది."

"ఈ పొద్దు వద్దులేప్పా. రైల్లో నిలబడే వస్తి."

"పోనీ, ఆ ఎడమచెయ్యి ఇట్ల బల్ల మీద పెట్టు, గీత గీసుకుంటా."

తిరుపాల్ కుడిచేతిని పెట్టాడు. ఎడమది తువ్వాలులోనే ఉంది.

"ఇది గాదన్నా, ఆ చెయ్యి."

"రెండూ నా చేతులే గదప్పా! దీన్నే గీసుకో."

దాసప్ప నవ్వాడు. "మా అవ్వ గూడా ఇంతే. చెప్పులంగడికి పోతే ఒక కాలే చూపిస్తుండె." నవ్వుతూనే ఆ చేతి చుట్టూ పెన్సిలు తిప్పి, పక్కన 'కుడి' అని రాసుకొని, ఏడు నెలలు గడువు చెప్పాడు.

ఆ ఏడు నెలలూ తిరుపాల్ ఊరక కూర్చోలేదు. గిటారు మెడంత వెడల్పున్న చెక్కకు ఆరు తంతులు బిగించి, దినమూ పనినుంచి వచ్చాక దాన్ని ఒళ్లో పెట్టుకొని కుడిచేతి వేళ్లకు పాఠం చెప్పాడు. యాభై ఒక్క ఏళ్ల చేయి అక్షరాభ్యాసానికి కూర్చున్నట్టు కూర్చుంది. తెలిసిన పాటే, మనస్సు ముందుకు పోయేది, వేళ్లు వెనుకబడేవి. స్పానరు పట్టిన ఆ చేతికి అరచేతిలో కాయలున్నాయి కాని వేళ్లకొసలు పసివే. అవి ఎర్రబడి, పొక్కి, పొరలు ఊడి, మెల్లగా గట్టిపడసాగాయి.

"ఆ చెక్కలోనుంచి ఏం పాటొస్తాదయ్యా?" అనేది అంజనమ్మ.

"పాట గాదు. వేళ్లకు బుద్ధి రావాల."

"నీకు వచ్చినాక వాటికొస్తాదిలే. రా, సంగటి చల్లారిపోతాంది."

ఆరవ నెలలో దాసప్ప అంజనమ్మ ఫోనుకు ఒక ఫొటో పంపాడు. మెరుగు పెట్టని గిటారు బల్ల మీద వెల్లకిలా ఉంది. తిరుపాల్ దాన్ని చాలాసేపు చూశాడు. రోజ్‌వుడ్డు చారలు చూశాడు, నడుము వంపు చూశాడు. తంతులు కట్టని గిటారుకు కుడియెడమలు తెలియవు. ఆయన సంతోషించి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

గడువు తీరాక భార్యాభర్తలిద్దరూ ధర్మవరం పోయారు. దాసప్ప గిటారును గుడ్డతో తుడిచి, రెండు చేతులతో అందించాడు. తిరుపాల్ కూర్చొని, మెడను కుడిచేతితో పట్టుకొని, ఒళ్లోకి తీసుకున్నాడు. లావు తంతి అడుగున ఉంది.

"అట్ల గాదన్నా, తిప్పి పట్టుకో" అన్నాడు దాసప్ప.

తిరుపాల్ గిటారును తిప్పలేదు. "కుడిచేతిది అంటి గదప్పా" అన్నాడు.

"కుడిచేతిదే గదన్నా ఇది!"

"కుడిచేత్తో పట్టేది."

"కుడిచేత్తో మీటేదాన్నే కుడిచేతిదంటారన్నా. పట్టేదాన్ని ఎవురన్నా..." అని ఆగి, దాసప్ప ఆయన వైపు, తువ్వాలు వైపు చూశాడు. "ఏందన్నా, నీకు పుట్టుకతోనే ఎడమవాటమా? ముందే చెప్పింటే ఏం పోతుండె?"

తిరుపాల్ తువ్వాలును బిగించుకున్నాడు. అంజనమ్మ ఓర్చుకోలేకపోయింది.

"చూపించయ్యా. ఆయప్పేమన్నా నీకు పిల్లనిచ్చేవాడా, చెయ్యి చూసి వెనక్కి పోయేదానికి?"

అంటూనే తువ్వాలు లాగి, భర్త ఎడమచేతిని తెచ్చి ఉలుల పక్కన బల్ల మీద పెట్టింది. దాసప్ప అయ్యో అనలేదు. చెక్క మొగాన్ని వెలుతురుకు తిప్పినట్టు ఆ చేతిని కిటికీ వైపు తిప్పి చూశాడు.

"ఏం మిషను?"

"రింగుఫ్రేము. బెల్టు."

"ఊఁ." తంతులు మీటే పిక్కును తీసి ఆ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టాడు. "గట్టిగా పట్టు. ఇంగా గట్టిగా. సరిపోతాది." తరువాత నుదురు రుద్దుకుంటూ స్టూలు మీద కూలబడ్డాడు. "ఏడు నెలలన్నా! నేను అడగల్సింది, నువ్వు చూపించల్సింది."

"ఇప్పుడేం చేద్దామప్పా?"

"తంతులు ఆనే ఎముక ముక్కలు మార్చి, కింద దిమ్మె ఊడబీకి ఇటువైపు వాలేటట్ల అతికిస్తే పది దినాల్లో అయితాది. అయితే లోపల బద్దలుండాయి చూడూ, అవి లావు తంతికొక పక్క, సన్న తంతికొక పక్క అని లెక్కగా అతికించినా. పైపలక ఊడదీస్తే గాని అవి మారవు. లావు తంతి గొంతు మూతబడతాది. లోతు కావాలంటివి, ఆ లోతు రాదు." గిటారు వైపు చూపి అన్నాడు: "ఇది ఎవురికైనా అమ్ముకుంటాలే. నీకు మళ్ల మొదటినుంచి చేస్తా. ఇంకో ఏడు నెలలు."

తిరుపాల్ గిటారు పలక మీద అరచేయి ఆనించి కూర్చున్నాడు. ఆయనకు ఆ క్షణాన కోపం రాలేదు, దుఃఖమూ రాలేదు. బరువు దించి మళ్లీ ఎత్తుకోమన్నవాడి ముందు నిలబడిన కూలివాని అలసట వచ్చింది. ఏడు నెలల తరువాత గొంతు బాగుండవచ్చు. అప్పటికి వేళ్లు ఎలా ఉంటాయో, మూడవ వరుసలో కూర్చోవడం ఎంత అలవాటవుతుందో ఎవరు చెప్పగలరు?

"పది దినాలదే చెయ్యప్పా" అన్నాడు.

"వద్దన్నా. నా పేరు చెడతాది."

"మా మందిరంలో కీబోర్డు ఉండాది. నీ లోపం, నా లోపం రెండూ కప్పేస్తాది."

"దాసప్ప చేసిందని మాత్రం యాడా చెప్పొద్దు."

"చెప్పనులే."

పది రోజులన్నది పదిహేనయింది. దాసప్ప తానే దాన్ని గోనెగుడ్డలో చుట్టుకొని పెనుకొండ స్టేషనుకు తెచ్చి అందించి, టీ కూడా తాగకుండా, ఎదురు వచ్చిన రైలెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం తిరుపాల్ నాలుగు పాటల్లో ఒక్కదానికే వాయించాడు. చేతికి ఏ ముసుగూ లేదు. పిక్కు పట్టడానికి అది అడ్డం. అందరూ చూశారు, చూసి పాటల పుస్తకాల వైపు తలలు దించుకున్నారు. బాలాజీ కీబోర్డు నడక తగ్గించి ఆయన కోసం ఆగుతున్నాడని మొదటి చరణంలోనే తెలిసింది. రెండవ చరణంలో చిటికెన వేలు జారి ఒక తంతి కరకరమంది. లావు తంతి దాసప్ప చెప్పినట్టే గోడ అవతలినుంచి వచ్చినట్టు పలికింది. మూడవ చరణానికి తాను పాడుతున్నట్టు ఆయనకు తెలియలేదు. పక్కనున్న బాలాజీకి తెలిసింది, అతడు తన మైకును కొంచెం ఇటు జరిపాడు.

ఆరాధన ముగిశాక ఈరక్క అనే ముసలమ్మ, చూపు సరిగా ఆననిది, గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమప్పా తిరుపాలూ, ఇన్ని దినాలూ యాడికి పోయింటివి?"

"ఈడ్నే ఉంటినక్కా."

"మరి వినపడకపోతివే?"

ఆయన ఆమెను మెట్లు దించి ఇంటికి వచ్చాడు.

భుజాలు లాగుతున్నాయి. అంజనమ్మ వేడి సంగటి ముద్ద పెట్టి, చెనిక్కాయలు, మిరపకాయలు నూరిన ఊరిమిండి వేసింది. ఆయన ముద్ద తుంచబోయి చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. పొద్దున తంతులు కోసిన వేళ్లకొసలు ఇప్పుడు అన్నం తినే చేతికే ఉన్నాయి. అందులో కారం.

"స్పూను ఇయ్యనా?" అంది ఆమె.

"వద్దు. ఆరనీ."

పళ్లెం ముందు పెట్టుకొని, గోడకు వీపు ఆనించి, ముద్ద చల్లారేదాకా కూర్చున్నాడు.